పెరట్లో షటిల్ కోర్టు: నల్లరేగడి మీద పని డైరీ

జనవరి, సంక్రాంతి వెళ్లాక

మాది తెనాలి దగ్గర పల్లె. ఇంటి వెనక గడ్డివామి వేసే జాగా ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంది. గేదెల్ని అమ్మేశాక వామి అవసరం లేకుండా పోయింది. ఉత్తర దక్షిణాలు 70 అడుగులు దాటి ఉంటుంది, తూర్పు పడమరలు 45 దాకా వస్తుంది. అక్కడ షటిల్ కోర్టు వేద్దామని ఈ పండక్కి అందరం కూర్చుని తేల్చుకున్నాం.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. తెల్లవారకముందే లేచి టౌనులో ఇండోర్ కోర్టుకి వెళ్లి ఆడి వస్తుంది. వీధిలో మిగతా పిల్లలకి ఆ వీలు లేదు. సిమెంటు రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి ఆడతారు, ట్రాక్టరు వస్తే విప్పుతారు, వెళ్లాక మళ్లీ కడతారు. గుంటూరులో పెరిగిన కిదాంబి శ్రీకాంత్ 2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చాడు. అమలాపురం సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం కొట్టాడు. ఇవన్నీ ఈ పిల్లలకి కంఠతా వచ్చు. వాళ్లకి కావాల్సింది ట్రాక్టరు రాని చోటు.

కోర్టు కొలత 13.40 మీటర్లు బై 6.10 మీటర్లు, మన లెక్కలో 44 అడుగులు బై 20. అంతవరకే స్లాబు పోస్తే వెనక్కి అడుగు వేసిన పిల్ల మట్టిలోకి పడుతుంది. అందుకని స్లాబు 60 బై 30 అనుకున్నాం. వెనక రెండు వైపులా 8 అడుగులు, పక్కలకి 5 అడుగులు మిగులుతుంది. మొత్తం 1,800 చదరపు అడుగులు, నాలుగు సెంట్ల పైచిలుకు.

పొడుగు ఉత్తర దక్షిణాలకే ఉండాలి. తూర్పు పడమరలకి పెడితే పొద్దున ఒకరి కళ్లలో, సాయంత్రం ఇంకొకరి కళ్లలో ఎండ కొడుతుంది. షటిల్ ఆటలో తల ఎప్పుడూ పైకే ఉంటుంది కాబట్టి ఇక్కడ రాజీ పడకూడదు. మా జాగా ఆ దిక్కుకే ఉండటం అదృష్టం.

పడమటి గట్టున ఉన్న కొబ్బరి చెట్లు అలాగే ఉంటాయి. గాలికి అవే అడ్డం. మట్టలు మీద పడకుండా స్లాబు అంచు వాటికి పదడుగుల దూరంలో ఆపుతున్నాం. అడ్డం వచ్చింది మునగ చెట్టు ఒక్కటే. అమ్మ మొదట ఒప్పుకోలేదు.

"ఏరా, కాపుకొచ్చిన చెట్టు కొట్టకుండా అవ్వదా?"

"సరిగ్గా నెట్ దగ్గరికొస్తోందమ్మా. ఇది తప్ప ఇంకేదీ ముట్టుకోను."

"అయితే లావుపాటి కొమ్మలు నాకు తీసిపెట్టు. బావి పక్కన పాతుకుంటాను."

కొమ్మలు పాతింది. మునగ కొమ్మ పాతినా బతుకుతుంది.

ఫిబ్రవరి మొదట్లో

కోర్టు అనగానే అందరూ అడుగుతున్నది రంగు గురించి. ఆకుపచ్చా, నీలమా, మెరూనా అని. నా ధ్యాసంతా కింద ఉన్న నేల మీదే ఉంది. మాది నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, కొన్ని నెర్రెల్లో చెయ్యి మోచేతి దాకా దిగుతుంది. వాన పడితే నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఏడాదికోసారి పైకి లేచి కిందికి దిగే నేల మీద నాలుగంగుళాల కాంక్రీటు పరిస్తే అది నిలవదు. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా రెండో వానకాలానికి పగుళ్లు రంగులోంచి కనపడతాయి. ఈ చుట్టుపక్కల బడుల్లో, కాలేజీల్లో చూసిన కోర్టుల్లో చాలావాటికి పట్టిన రోగం ఇదే.

అందుకే స్లాబు కన్నా నాలుగు వైపులా రెండేసి అడుగులు ఎక్కువగా, 64 బై 34, రెండడుగుల లోతు తవ్వించాం. జేసీబీతో తీసిన నల్లమట్టి దాదాపు 4,350 ఘనపుటడుగులు. దాన్ని చేలో పల్లం ఉన్న మూలకి తోలించాం, పైరుకి అది బంగారం.

గుంత నింపే దగ్గర పెద్ద చర్చే జరిగింది. ఇసుక పోసి నీళ్లు పెడితే అదే కూర్చుంటుంది, ఖర్చు తక్కువ అని పక్కింటి పెద్దాయన, మా బాబాయ్ ఇద్దరూ ఒకటే మాట. ఇంటి పునాదుల్లో ఇసుక నింపడం చూసిన అలవాటు అది. నల్లరేగడిలో తవ్విన గుంతని ఇసుకతో నింపితే అది నీళ్ల తొట్టి అవుతుంది. చుట్టూ మట్టిలోంచి నీళ్లు దిగవు, ఇసుకలో నిలుస్తాయి, ఆ నిలవ నీళ్లనే అడుగున ఉన్న రేగడి నెలల తరబడి తాగుతూ ఉబ్బుతుంది. కాబట్టి అక్కడ ఉబ్బని మట్టి, కాస్త జిగురు ఉండి నీటిని తేలిగ్గా పోనివ్వని మట్టి కావాలి. ఎర్ర గ్రావెల్ ఆ పని చేస్తుంది. తెలంగాణ వైపు మొరం అనేది కూడా ఇంచుమించు ఇదే.

బాబాయ్‌కి కాగితం మీద గీసి చూపించాక, "సరే, గ్రావెలే తోలించు, కానీ పలుగురాళ్లు ఏరించు" అన్నారు. అది మంచి మాట. పెద్ద రాయి ఉన్న చోట రోలర్ రాయి మీద ఆగుతుంది, దాని పక్కన మట్టి అణగదు.

గ్రావెల్ ఒకేసారి పోసి పైన తొక్కిస్తే పై అర అడుగే గట్టిపడుతుంది. ఆరేసి అంగుళాల పొర పోయడం, నీళ్లు చల్లడం, ముద్ద కట్టే తడి వచ్చాక రోలర్ తిప్పడం, తర్వాత పై పొర. మూలల్లోకి రోలర్ పోదు, అక్కడ దిమ్మిసతో కొట్టారు. వదులుగా పోసిన గ్రావెల్ అణిగితే పావు వంతు తగ్గుతుంది, ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఆ లెక్క కలుపుకోవాలి.

ఫిబ్రవరి చివర, శివరాత్రి ముందు

గ్రావెల్ పని అయ్యాక లోడుతో ఉన్న ట్రాక్టరుని నెమ్మదిగా ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించాం. చక్రం కింద నేల అణగకూడదు, చక్రం ముందు అలలా లేవకూడదు. ఈశాన్య మూల కొంచెం మెత్తగా కనపడింది. అక్కడ పై పొర తీసి, ఆరబెట్టి, మళ్లీ తొక్కించారు. రెండోసారి ట్రాక్టరు వెళ్తే కదల్లేదు.

వాలు గ్రావెల్ దశలోనే పెట్టాం. స్లాబు మందం అంతటా ఒకేలా ఉండాలంటే వాలు కింద నుంచే రావాలి. పడమర నుంచి తూర్పుకి, 30 అడుగులకి 3 అంగుళాలు, అంటే 120కి 1. మధ్యలో ఎత్తు పెట్టి రెండు వైపులా వాల్చితే నీళ్లు పోతాయేమో గానీ ఆట పాడవుతుంది. ఒకే వాలు, ఒకే దిక్కు. తూర్పున మురుగు కాలవ ఉంది, నీళ్లన్నీ అందులోకే.

లెవెల్ పైపు పట్టుకుని మేస్త్రి, నేను చెరో చివర నిలబడి గజానికో మేకు కొట్టాం. లేజర్ పరికరాలు వచ్చాయి గానీ నీళ్ల పైపుతో చూసిన మట్టం మీదే నాకు నమ్మకం. మూలలు లంబకోణంలో ఉన్నాయో లేదో చూడటానికి 3-4-5 పద్ధతి: ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు కొలిస్తే ఏటవాలు కొలత 5 రావాలి. ఇంత పెద్ద జాగాలో దాని మీద 6-8-10, ఇంకా పెద్దది 18-24-30 చూస్తే తేడా తగ్గుతుంది. చివరికి కర్ణాలు రెండూ కొలిచాం, రెండూ 67 అడుగుల 1 అంగుళం దగ్గర కలిశాయి. అప్పుడు ముగ్గు పోశాం.

గ్రావెల్ మీద కంకర, డస్ట్ (రాతి పొడి) కలిపి నాలుగంగుళాలు పరిచి రోలర్ తిప్పించాం. స్లాబు మందం ఇంకో నాలుగు. పడమటి అంచు పెరటి నేల కన్నా 8 అంగుళాలు పైకి, తూర్పు అంచు 5 అంగుళాలు పైకి ఉంటాయి. పెరట్లో నీళ్లు కోర్టు మీదకి ఎక్కకూడదు.

కాంక్రీటు పోశాక తవ్వే పని ఏదీ ఉండకూడదు కాబట్టి, నెట్ స్తంభాలు దిగే జీఐ (జింకు పూత ఇనప) పైపులు, లైట్ల స్తంభాలకి బోల్టులు, కరెంటు వైరుకి పైపు అన్నీ ఇప్పుడే పెట్టించాం. నెట్ స్తంభాల స్థానం డబుల్స్ పక్క గీతల మీదే. స్తంభాలు తీసేయగలిగేలా ఉంటే పెళ్లికీ పబ్బానికీ పందిరి వేసుకోవచ్చని అమ్మ చెప్పింది.

మార్చి

ముందు పాలిథిన్ షీటు పరిచాం. ఇది చాలామంది మానేస్తారు. డెల్టాలో అడుగు తడి ఎప్పుడూ పైకి వస్తూనే ఉంటుంది. ఆ తడి కాంక్రీటులోంచి ఆవిరిగా లేచి రంగు కింద చేరితే పొక్కులు వస్తాయి. దాని మీద 8 ఎంఎం కడ్డీ, ఎనిమిదేసి అంగుళాల ఎడంతో రెండు వైపులా. మొత్తం 700 కిలోల దాకా పట్టింది. కడ్డీ షీటు మీద పడుకుని ఉంటే ఉపయోగం లేదు, పగుళ్లు పైనుంచే మొదలవుతాయి కాబట్టి జాలీ మందంలో పై సగంలో ఉండాలి. కడ్డీని పైకి ఎత్తి పట్టే కవర్ దిమ్మలు, కడ్డీ కుర్చీలు దగ్గర దగ్గరగా పెట్టించి, పోసేటప్పుడు కడ్డీని తొక్కొద్దని పలకలు వేయించాం.

కాంక్రీటు ఎం20 రకం, ముందే కలిపి లారీలో తెచ్చే రెడీమిక్స్, 17 ఘనపు మీటర్లు. తెల్లవారుజామునే మొదలు పెట్టాం, ఎండ ముదిరేలోగా చివరి లారీ దిగిపోవాలి. లారీ దగ్గర పని కుర్రాడు నీళ్ల పైపు అందుకోబోయాడు. నీళ్లు కలిపితే కాంక్రీటు సులువుగా జారుతుంది, లాగడం తేలిక, కూలీలకి కష్టం తగ్గుతుంది. ఆ కష్టం నాకు తెలుసు, అందుకే ఇద్దరు మనుషుల్ని ఎక్కువ పెట్టించాను. అదనపు నీళ్లు పడితే బలం తగ్గుతుంది, సిమెంటు పాలు పైకి తేలి పొరలా ఎండుతుంది. ఆ పొరకి అంటుకున్న రంగు ఆ పొరతో పాటే లేచిపోతుంది.

పై ఫినిషింగ్ దగ్గర మేస్త్రితో కాసేపు వాదన అయింది. ఈ ప్రాంతంలో ఆయన చేతి నునుపుకి పేరుంది.

"అద్దంలా తీస్తానండి. నీళ్లు పోస్తే జారిపోయేట్టు ఉంటుంది."

"జారిపోవడమే వద్దు మేస్త్రిగారూ. చీపురు గీతలు కావాలి."

"గీతలు పెడితే మేస్త్రికి చేత కాలేదంటారు."

"మీరు మట్టం ఎలా తీశారో వాన వచ్చినప్పుడు ఊరంతా చూస్తుంది. గీతల మీద రంగు పడుతుంది, ఆ రంగు పట్టుకుని ఉండేది గీతల వల్లే."

కాసేపు ఆలోచించి, అల్యూమినియం బద్దతో మట్టం లాగి, చెక్కతో ఒకసారి తట్టి, నీరు ఆరాక తనే చీపురు పట్టాడు. గీతలన్నీ ఒకే దిక్కుకి, ఒకే లోతులో, వాలు వెంట. ఆయన పనితనం అక్కడ కనపడింది.

మర్నాడు పొద్దున్నే కట్టర్ తెప్పించి పదేసి అడుగుల గళ్లుగా స్లాబుని కోయించాం. కోత లోతు మందంలో పావు వంతు, అంటే అంగుళం. కాంక్రీటు ఆరేటప్పుడు ఎలాగూ కుంచించుకుంటుంది. మనం చోటు చూపించకపోతే తనకి తోచిన దారిలో పగులుతుంది. 60 అడుగుల్ని పదేసిగా కోస్తే ఒక కోత సరిగ్గా నెట్ కిందకి వస్తుంది. అక్కడ ఎవరి కాలూ పడదు.

తర్వాత మట్టితో మడులు కట్టి నీళ్లు నింపాం, పగలు అంచులకి వరిగడ్డి కప్పాం. క్యూరింగుకని, అంటే కాంక్రీటు తడి ఆరకుండా ఉంచడానికని అమ్మే రసాయనాలు మాత్రం కోర్టు స్లాబు మీద కొట్టకూడదు. అవి పైన పొర కడతాయి, యాక్రిలిక్ రంగు అంటుకోదు. మార్చి ఎండకి రెండు వారాలు తడి ఆరకుండా చూడటం మంచిది. అమ్మ పొద్దునా సాయంత్రం మడులు చూసి వచ్చేది. ఏ మడి ఇంకిందో నాకన్నా ముందు ఆమెకే తెలిసేది.

ఏప్రిల్

రంగు వేయాలంటే కాంక్రీటుకి 28 రోజులు నిండాలి. నిండిన తర్వాత ఒకటిన్నర అడుగు చదరం పాలిథిన్ ముక్కలు అక్కడక్కడా పరిచి, చుట్టూ టేపు అంటించి రాత్రంతా వదిలేశాం. తెల్లారి తీస్తే లోపల చెమ్మ బొట్లు గానీ, కాంక్రీటు నల్లబడటం గానీ ఉండకూడదు. అంతా పొడిగా ఉంది. కింద పరిచిన షీటు తన పని తాను చేస్తోంది.

నీళ్ల పరీక్ష నాకు బాగా నచ్చిన దశ. స్లాబంతా నీళ్లతో తడిపి, గంటసేపు ఎండకి వదిలి, ఎక్కడ నిలిచాయో చూడటం. నిలిచిన చోట రూపాయి బిళ్ల పెడితే అది మునిగేంత లోతుంటే ఆ పల్లాన్ని పూడ్చాలి. సుద్దతో చుట్టూ గీసుకున్నాం. దక్షిణం వైపు రెండు చోట్ల వెడల్పాటి పల్లాలు వచ్చాయి. సన్న సిలికా ఇసుక, సిమెంటు, యాక్రిలిక్ బైండర్ కలిపిన ముద్దతో నింపి బద్దతో లాగారు. కోతల్ని సాగే సీలెంటుతో నింపారు.

రంగు కింద ఏమి వేయాలి అన్నదాని మీద చాలా చదివాను, చాలామందిని అడిగాను. షటిల్‌కి అసలైన నేల కింద గాలి ఆడే చెక్క, దాని మీద పీవీసీ మ్యాట్. మోకాళ్లకి అంతకన్నా మంచిది లేదు. కానీ ఆ మ్యాట్ ఎండకీ వానకీ నిలవదు, తడిస్తే జారుతుంది. ఒకదానికొకటి బిగించే ప్లాస్టిక్ టైల్స్ ఉన్నాయి, వాటికీ కింద ఇదే స్లాబు కావాలి. మేము తీసుకున్నది కుషన్ యాక్రిలిక్: ప్రైమర్ మీద రబ్బరు పొడి కలిసిన పొరలు, వాటి మీద ఇసుక కలిసిన పొర, చివర రంగు పొరలు, మొత్తం ఎనిమిది. మామూలు ఐదు పొరల దానికన్నా ఖర్చు ఎక్కువే. ఎదిగే పిల్లల కాళ్లు కాబట్టి ఇక్కడ పొదుపు చేయబుద్ధి కాలేదు. అయినా ఇది చెక్క నేల కాదు. రోజంతా దూకుడు ఆట ఆడటానికి పనికిరాదని అమ్మాయికీ, వీధి పిల్లలకీ ముందే చెప్పాం.

పలచని యాసిడ్‌తో కడిగి, శుభ్రంగా నీళ్లు పోసి, ఆరాక ప్రైమర్. తర్వాత ఒక్కో పొర స్క్వీజీతో (రబ్బరు అంచు ఉన్న బద్దతో) లాగడం, ఆరడం, గరుకు చూసి గీకడం, మళ్లీ పొర. ఏప్రిల్ ఎండలో నేల కాలిపోతుంటే రంగు లాగుతుండగానే ఎండి చారలు పడుతుంది. అందుకని పని తెల్లవారుజాము నుంచి తొమ్మిది లోపే. ఆడే చోటు ముదురు ఆకుపచ్చ, బయట ముదురు నీలం. లేతరంగు వేస్తే తెల్ల షటిల్ నేల దగ్గరికి వచ్చేసరికి కళ్లకి ఆనదు.

మే

గీతలు. వెడల్పు 40 మిల్లీమీటర్లు, తెలుపు. కోర్టు కొలతలో గీత కూడా కలిసే ఉంటుంది, అంటే 13.40 అనేది గీత బయటి అంచు నుంచి బయటి అంచుకి. నెట్ నుంచి 1.98 మీటర్లకి షార్ట్ సర్వీస్ గీత, వెనక గీత నుంచి లోపలికి 0.76కి డబుల్స్ లాంగ్ సర్వీస్, పక్క గీత నుంచి 0.46 లోపలికి సింగిల్స్. అంతా గీశాక కర్ణం 14.723 మీటర్లు రావాలి. టేపు అంటించి, తెలుపు వేసే ముందు టేపు అంచుల మీద నేల రంగునే ఒక పలచటి పూత వేశారు. టేపు కిందకి దూరితే ఆ రంగే దూరుతుంది, తెలుపు దూరదు. గీత కత్తితో కోసినట్టు వచ్చింది.

నెట్ ఎత్తు స్తంభాల దగ్గర 1.55 మీటర్లు, మధ్యలో 1.524. మా వాలు అడ్డంగా ఉంది కాబట్టి పడమటి స్తంభం దగ్గర నేల తూర్పు స్తంభం దగ్గర కన్నా 2 అంగుళాలు ఎత్తు. ఏ స్తంభం ఎత్తు ఆ స్తంభం కాళ్ల దగ్గరి నేల నుంచే కొలవాలి. రెండు కొనలకీ లెవెల్ పైపు పెట్టి సమం చేస్తే ఒక వైపు నెట్ పొట్టి, ఇంకో వైపు పొడుగు అవుతుంది. నెట్ నేలతో సమాంతరంగా ఉంటే ఆటగాడికి తేడా తెలియదు.

చుట్టూ అంచు దిగుడు పిల్లల మడమలకి ప్రమాదం. మట్టి ఏటవాలుగా పోసి గడ్డి నాటాం. ఆ మట్టి కింద స్లాబుని ఆనుకుని రెండడుగుల వెడల్పున సిమెంటు పట్టీ ఉంది. వాన నీళ్లు అంచు దగ్గరే దిగితే అక్కడి రేగడి ఉబ్బి స్లాబు అంచుల్ని లేపుతుంది. రెండడుగుల అవతల దిగితే ఆ బాధ తగ్గుతుంది.

ఆట మొదలైంది. పొద్దున ఏడు దాకా గాలి ఉండదు, అదే మంచి వేళ. సాయంత్రం పైరగాలి దక్షిణం నుంచి లేస్తుంది, కోర్టు పొడుగు కూడా ఆ దిక్కే కాబట్టి ఒక వైపు వాళ్లకి షటిల్ బయటికి పోతుంది, రెండో వైపు వాళ్లకి ముందే పడిపోతుంది. పాయింట్ల మధ్యలో వైపులు మార్చుకుంటే సరిపోతుంది, గాలికి తగ్గట్టు కొట్టడం పిల్లలు వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటున్నారు. ఈక షటిల్ ఐదు గ్రాములకి అటూ ఇటూ, ఆరుబయట నిలవదు, నైలాన్‌తోనే ఆడుతున్నారు. దక్షిణం వైపు 12 అడుగుల ఎత్తున నర్సరీల్లో వాడే 50 శాతం షేడ్ నెట్ కట్టాం. గాలిని పూర్తిగా ఆపే గుడ్డ కడితే ఈదురుగాలికి స్తంభాలే ఒరుగుతాయి.

ఖర్చు అడుగుతున్నవాళ్లకి ఒకటే చెబుతున్నాను: మొత్తంలో సగానికి పైగా రంగు కింద, కనపడని చోటే పోయింది. డబ్బు తక్కువైతే రంగు ఒక ఏడాది ఆపండి, చీపురు గీతల కాంక్రీటు మీద సున్నంతో గీతలు గీసి ఆడుకోవచ్చు. గ్రావెల్ మాత్రం తగ్గించకండి, అది తర్వాత వేయడానికి వీలుండదు.

లైట్లు మిగిలాయి. స్తంభాలు నాలుగూ పక్కలకే, వెనక గీతల వెనక ఒక్కటి కూడా లేదు, అక్కడ పెడితే స్మాష్ కొట్టేవాళ్ల కళ్లలోకి పడుతుంది. ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు, వెలుగు అటు పక్కింటి కిటికీల్లోకి పోకుండా కిందికి వంచి బిగించాలి. పక్కింటి పెద్దాయన రాత్రి తొమ్మిదికి ఆపేయమన్నారు, పిల్లలు ఒప్పుకున్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చే వారం వస్తానన్నాడు.